వేసవి పెరటిలో మూలికలు

ఎండకాలము వచ్చినదని మా యింట తొలుత తెలుపునది పంచాంగము కాదు, నూతి చేద. మాఘమాసమున ఎనిమిది మూరల త్రాటికి అందిన నీరు వైశాఖమున పదునాలుగు మూరలకు దిగును. మేము గోదావరి కాలువ గట్టున నున్న గ్రామమువారము. ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసినది మొదలు మా ప్రాంతపు జనుల జీవనమంతయు కాలువనీటి ననుసరించియే జరుగుచున్నది. ఏటేట ఏప్రిల్ నెల నడుమ కాలువలను కట్టివేసి, పూడిక తీసి, గట్లు బాగుచేయుదురు. జూన్ మొదట మరల నీరు వదలుదురు. ఆ నెలన్నర దినములును ముందుగా నింపి యుంచిన మంచినీటి చెఱువే మాకు దిక్కు. కృత్తిక కార్తెయు, రోహిణి కార్తెయు వచ్చునది కూడ ఆ దినములలోనే. రోహిణిలో రోళ్లు సైతము పగులునని పెద్దలందురు గదా!

అట్టి దినములలో పెరటిమొక్కలకై పాటుపడుట వేడుక యెట్లగునని మీరడుగవచ్చును. మా యత్తగారును నన్నట్లే యడిగిరి. "మనుష్యులకే నీళ్లు చాలని వేళ నీ యాకులకు నీరెవరు మోయుదురు, అమ్మాయీ?" అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము వెదకుటతోనే మా వేడుక యారంభమైనది.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో, ఇరుగుపొరుగు స్త్రీలము నలుగురము మా పెరటి అరుగుమీద కూర్చుండి, ఎండిపోయిన పుదీన మడిని చూచి విచారించుచుంటిమి. ఆ నలుగురము నేడు పదుమువ్వురమైతిమి. ప్రతి గురువారము సాయంకాలము నాలుగు గంటలు దాటిన పిమ్మట ఎవరి పెరటిలోనో యొకరి పెరటిలో కూడుకొనుచున్నాము. మా కూటమికి అధ్యక్షురాలు లేదు, చందా లేదు, పేరును లేదు. నియమము మాత్రము ఒకటి కలదు. వచ్చునామె వట్టి చేతులతో రారాదు. ఒక కొమ్మయో, గుప్పెడు గింజలో, తనకు తెలిసిన సంగతి యొకటియో తీసికొని రావలయును.

మొదట నీటి సంగతి చెప్పెదను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను నొక అధ్యాయమును రచించినాడు. గ్రీష్మమున ఉదయ సాయంకాలములు రెండు వేళలను, శీతకాలమున దినము విడిచి దినమును, వర్షాకాలమున నేల యెండినపుడు మాత్రమును మొక్కలకు నీరు పోయవలెనని యందు చెప్పినాడు. ఈ మాట నేను చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదువుకొన్నదానను. కాని కాలువ కట్టిన ఊరిలో రెండు వేళల పోయుటకు నీరెక్కడిది? శాస్త్రము సత్యమే; నూయి కూడ సత్యమే. ఈ రెంటికిని పొత్తు కుదుర్పవలసిన భారము ఇల్లాలిది.

మా ఇండ్లలో నిత్యము పారబోయు నీటిని ఒక వారము కొలిచి చూచితిమి. బియ్యము కడిగిన కడుగు, కూరలు కడిగిన నీరు, రాత్రి మిగిలి ప్రొద్దుట ఒలకబోయు త్రాగునీరు, ఇవన్నియు చేరి మా యింట దినమునకు రెండు బిందెలైనవి. సబ్బు కలిసిన స్నానపు నీటిని ఆకుకూరలకు వాడక అరటికిని కొబ్బరికిని మళ్లించితిమి. నూతినుండి మొక్కలకై ఒక్క చేదయైనను తోడరాదని ఒట్టు పెట్టుకొంటిమి. ఆ యొట్టు నేటికిని చెల్లుచున్నది.

అయినను పైన పోసిన నీరు రోహిణి యెండకు జాముసేపైనను నిలువదు. అందులకు కుండ మాకు తోడైనది. ఐదు లీటర్లు పట్టు మామూలు మట్టికుండను, రంగు పూయనిదానిని, మడి నడుమ మెడవఱకు పాతిపెట్టవలెను. కడుగునీటి గంజి కుండ రంధ్రములను పూడ్చును గావున కుండలో దానిని పోయక తేట నీటినే పోసి, పైన మూకుడు మూయవలెను. చుట్టునున్న మన్ను పొడియైనపుడు కుండ గోడగుండ నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందును. మన్ను తడిగా నున్నపుడు ఊరుట తగ్గును. మూకుడు మూసిన నీరు ఎండకు ఆవిరి కాదు, దోమలు అందు గ్రుడ్లు పెట్టవు. మూడు నాలుగు దినముల కొకమాఱు నింపిన చాలును. ఈ యుపాయము క్రొత్తది కాదు. చీనాదేశమున రెండువేల యేండ్లకు పూర్వము ఫాన్ షెంగ్‌జీ యనునాతడు వ్రాసిన వ్యవసాయ గ్రంథమునందే కుండలు పాతి పాదులు పెంచు విధము చెప్పబడినది. పాత కుండకంటె క్రొత్త కుండ మేలు. వాడిన కుండకు రంధ్రములు పూడుకొనిపోయి నీరు ఊరదు.

ఇక నీడ. పడమటి యెండయే మొక్కను చంపునది. పడమటి వైపున కొబ్బరాకుల దడి కట్టి, మడిపైన పలుచని పందిరి వేసినయెడల మధ్యాహ్నపు వేడిమి సగము తగ్గును. మొక్కల మొదళ్లయందు రెండంగుళముల మందమున వరిగడ్డిగాని, ఎండుటాకులుగాని, కొబ్బరిపీచుగాని పఱువవలెను. అరచేయి పెట్టి చూడుడు. కప్పిన మన్ను చల్లగానుండును. కప్పని మన్ను పెనమువలె కాలును.

నా తెలివితక్కువను కూడ దాచను. మొదటి వేసవిలో కొత్తిమీర బలముగా పెరుగవలెనని పచ్చిపేడ తెచ్చి మడిలో కలిపితిని. మూడవ నాటికి మొలకలన్నియు మాడిపోయినవి. పచ్చిపేడ మాగునపుడు పుట్టు వేడి లేత వేళ్లను కాల్చునని అప్పుడు గాని తెలియలేదు. చివికి, వాసన పోయి, చేతిలో పొడియగు పాత ఎఱువే మడికి తగును. కొత్తిమీరకు వేయు ధనియమును చేతితో నలిపి రెండు బద్దలుగా చేసి, రాత్రి నానబెట్టి, నీడపట్టున ఒత్తుగా చల్లవలెను. ఎనిమిది పది దినములకు మొలచును. ఎండలో కొత్తిమీర త్వరగా పూతకు వచ్చును గావున నెల దాటగానే కోసికొని, పదునైదు దినముల కొకమాఱు క్రొత్తగా చల్లుచుండుట మంచిది. పుదీనకు విత్తనముతో పనిలేదు. సంతలో కొన్న కట్టలోని గట్టి కాడలు నాలుగింటిని చెంబునీటిలో నుంచిన వారము పది దినములలో తెల్లని వేళ్లు వచ్చును. వానిని కుండ ప్రక్కన నాటుట యొక్కటే పని. పేనుబంక పట్టిన ఆకులపై ప్రొద్దుటి మంచు తడి యారకముందే పొయ్యి బూడిద పలుచగా చల్లుదుము.

ఇంతవఱకు చెప్పినది తోటపని. దీనివలన నా గర్వము కొంత అణగిన విధమును కూడ చెప్పెదను.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా తండ్రిగారు ఇంటనే నాకు అమరమును, రఘువంశమును, భారతమును చెప్పిరి. అమరకోశము ద్వితీయకాండములో వనౌషధివర్గమని యొకటి కలదు. చెట్ల పేర్లు, తీగల పేర్లు, మూలికల పేర్లు అందు బారులు తీరియుండును. తొమ్మిదవ యేటనే దాని నంతయు తడబడక అప్పగించితినని మా తండ్రిగారు వచ్చినవారి కెల్ల చెప్పి మురియుచుండెడివారు. నేనును మురిసినదాననే.

ఒక గురువారము మా పెరటి గోడవారను పెరిగిన కలుపును పనిపిల్లచేత పీకించుచుంటిని. మా వీథికి ఆకుకూరలు తెచ్చు ముదుసలి యప్పుడే వచ్చి గంప దించినది. ఊరిలో అందఱు నామెను మామ్మ యనియే పిలుతురు. ఆమెకు అక్షరము రాదు. ఆమె ఆ పీకిన మొక్కను చూచి గుండె బాదుకొని, "అయ్యో, అమ్మగారూ! చవితినాడు సామికెట్టే ఉత్తరేణిని పీకి పారేయిస్తున్నారేటండీ!" అన్నది.

నేను నిర్ఘాంతపోతిని. వినాయక చవితినాడు ఇరువదియొక్క పత్రములలో అపామార్గ పత్రమని మంత్రము చెప్పుచు ఏటేట నేను సమర్పించునది ఆ యాకునే. అపామార్గమునకు అమరమున గల పర్యాయపదము లన్నియు నాకు వచ్చును. అందు ఖరమంజరి యని యొకటి కలదు. గరుకైన వెన్ను గలది యని దాని యర్థము. కట్టగట్టి అంగడివాడు ఇచ్చిన పత్రిలో ఏ యాకు ఏదియో నేనెన్నడును విడదీసి చూచినదానను కాను. మామ్మ యా మొక్క వెన్నును నా చీర కుచ్చెళ్లకు తాకించినది. ముళ్లవంటి గింజలు బట్టను పట్టుకొని విడువలేదు. ఖరమంజరి యను మాటకు అర్థము ఆనాడు నాకు తెలిసినది. ఇరువది యేండ్లకు పైగా నాలుకమీద నున్న పేరు చీరకు అంటుకొన్న తరువాత గాని మనసుకు పట్టలేదు.

నాటినుండి మామ్మ మా కూటమిలోనిదైనది. మొదటి దినములలో ఆమె గంపను అడ్డముగా పెట్టుకొని మెట్టు క్రింద కూర్చుండెడిది. ఇపుడు మా యందఱితోపాటు అరుగుమీదనే కూర్చుండుచున్నది. ఆమె యాకును చూపును. నేను గ్రంథమునందలి పేరు చెప్పుదును. తక్కినవారు తమ తమ యిండ్లలో దాని వాడుకను చెప్పుదురు.

ఇట్లు మూడు మాటలును ఒక్కచోట చేరినపుడు కలుగు నానందము చెప్పనలవి కాదు. తిప్పతీగకు ఛిన్నరుహ యని పేరు. కోసినను మొలచునది యని యర్థము. మామ్మ జానెడు ముక్క కోసి వేపచెట్టు కొమ్మకు తగిలించి పోయినది. మన్ను లేదు, నీరు లేదు. కొన్ని వారములకు ఆ ముక్కనుండి దారమువంటి వేరు నేలకై వ్రేలాడజొచ్చినది. వట్టివేరుకు జలాశయమని యొక పేరు గలదు. కడియపులంక నర్సరీనుండి తెచ్చిన వట్టివేరు పిలకలను నూతి తూమునొద్ద నాటితిమి. వేసవిలో పై యాకు వాడినను దాని వేళ్లు లోతుకు పోయి తడిని వెదకికొనును. ఏడాదిన్నర గడచినపిదప త్రవ్వి తీసిన వేళ్లను కడిగి, ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి కూజాలో వేసితిమి. ఆ నీరు త్రాగిన మా పెద్దపిల్లవాడు ఐసుపెట్టె సంగతియే మఱచినాడు.

పేర్లవలన మోసపోవుటయు కలదు. వామాకు మొక్కకు వాము గింజలు కాయవు. వాసన యొక్కటి యగుటచేతనే ఆ పేరు వచ్చినది. వాము వేఱొక మొక్క గింజ. బ్రాహ్మి యను పేరుతో రెండు మొక్కలు వాడుకలో నున్నవి. గుఱ్ఱపుడెక్కవంటి ఆకు గలది మండూకపర్ణి. దీనినే మనము సరస్వతి యాకందుము. చిన్నచిన్న దళసరి ఆకులతో నీటియొడ్డున ప్రాకునది నీరుబ్రాహ్మి. రెండును మా కాలువగట్టున ప్రక్కప్రక్కనే పెరుగును. మా వీథి ఆడపిల్లలు చేతి ఫోనుతో ఆకును ఫొటో తీసి దాని పేరు తెలిసికొనుచున్నారు. అది కొన్ని వేళల సరిగా చెప్పును, కొన్ని వేళల తప్పు చెప్పును. దానికి వాసన తెలియదు గదా! గుంటగలగరను మామ్మ అరచేతిలో నలిపి చూపినది. నలిపిన రసము క్షణములో నల్లబడినది. పసుపు పూవు పూయు మొక్కను చూచి అదియే యని ఫోను చెప్పగా, "ఇది నల్లబడదు, తెల్లపూవు కాదు, ఇది వేఱు" అని మామ్మ తేల్చినది. పిల్లలును ఒప్పుకొనిరి.

ఇక మీరు శ్రద్ధగా వినవలసిన సంగతి యొకటి కలదు. క్రిందటి వేసవిలో మా వీథి చిన్నకోడలొకతె మూడు మాసముల పసికందును ఒడిలో పెట్టుకొని కూటమికి వచ్చినది. బిడ్డకు మాటలు త్వరగా వచ్చుటకు వస అరగదీసి నాకింపవలెనని యింటి పెద్దలు పట్టుపట్టిరట. మాటకారి పిల్లలను చూచి వస పోసినారా యని నవ్వుట మన భాషలోనే యున్నది గదా! ఆనాడు మాలో పెద్ద వాదమే జరిగినది. "మేమందఱము వస నాకి పెరిగినవారము కామా?" అని పెద్దవారనిరి. నాకు సందేహము కలిగినను పెద్దవారి నెదిరించుటకు నోరు రాలేదు. ఈ పిఱికితనమును తలచికొని నేటికిని సిగ్గుపడుచున్నాను.

మాటాడినది మామ్మ. "నా చేత్తో ఇద్దరు మనవలకి పోశానండీ. రెండోదానికి వాంతులు పట్టుకుని ప్రాణం మీదికొచ్చింది. అప్పట్నుంచి పసిబిడ్డ కోసమంటే వసకొమ్ము నేను తేను" అన్నది. అరుగంతయు నిశ్శబ్దమైనది. మరునాడు ఆ చిన్నది బిడ్డతో ఆరోగ్య కేంద్రమునకు పోయి అడిగినది. ఆరు మాసములు నిండువఱకు బిడ్డకు తల్లిపాలు తప్ప వేఱేమియు, నీరు సైతము, పోయనక్కఱలేదని అక్కడ చెప్పిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునదియు నిదియే. వసలో బీటా ఆసరోన్ అను పదార్థము గలదనియు, ప్రయోగశాల జంతువులలో అది వ్రణములు కలిగించుటచేత అమెరికా దేశమున 1968లో వసను ఆహారమున వాడుటను నిషేధించిరనియు మా వారు చదివి చెప్పిరి.

నాటినుండి మా కూటమికి రెండవ నియమ మేర్పడినది. మా యాకులు వంటకు, వాసనకు, పూజకు, కంటికి. రోగమునకు మాత్రము వైద్యుడే. పూజకు వచ్చిన ఆకెల్ల నోటికి రాదు. చవితి పత్రిలోని ఉమ్మెత్త, గన్నేరు ప్రాణాపాయకరములు. జిల్లేడు పాలు కంటికి తగిలిన చేటు. కలబంద మట్ట కోసినపుడు తొలుత కాఱు పసుపుపచ్చని రసము విరేచనములు చేయును. గర్భిణులు దానిని ముట్టరాదు. ఈ మొక్కలను పిల్లల కందని మూలకు మార్చితిమి. ప్రకృతి యిచ్చినది గనుక అపాయము లేదనుట పామును గూర్చియు అనవచ్చునేమో యని మా కూటమిలో నొకామె యనగా అందఱమును నవ్వితిమి.

భయములు చాలును, విందును గూర్చి చెప్పెదను. ప్రతి గురువారము ఎవరి పెరటిలో కూడుదుమో వారి యాకుతోనే ఫలహారము. వామాకును సెనగపిండిలో ముంచి వేసిన బజ్జీలు, పుదీనయు పచ్చిమామిడియు కలిపి నూరిన పచ్చడి, దబ్బాకు నలిపి వేసి, శొంఠియు ఉప్పును చేర్చిన పలుచని మజ్జిగ, ఇవి మా వంటలు. రుద్రజడ మొక్క వెన్నులు ఎండినపిదప దులిపిన నల్లని గింజలే సబ్జాగింజలు. పావుగంట నీటిలో నానిన ప్రతి గింజయు ముత్యమువలె ఉబ్బును. వానిని నిమ్మకాయ పానకములో వేసి యిచ్చిన ఎండనబడి వచ్చినవారికి ప్రాణము లేచివచ్చును. పిల్లలకు పూర్తిగా నానిన గింజలనే ఈయవలెను. పొడిగింజ గొంతులో ఉబ్బు నపాయము కలదు.

మా ఆడపిల్లలు ఒక పెద్ద పుస్తకము కుట్టినారు. పుటకొక ఆకు చొప్పున, పాత పత్రికల నడుమ అదిమి ఎండబెట్టి అతికించి, క్రింద మామ్మ చెప్పిన పేరు, గ్రంథమునందలి పేరు, మా యింటి వాడుక, తినదగునో కాదో యను మాట, ఈ నాలుగును వ్రాయుచున్నారు. ఇప్పటికి నలువదిరెండు ఆకులైనవి. ఈ యేడు మామ్మకు కంటిచూపు బాగుగా తగ్గినది. గంప మోయుట మానినది. అయినను గురువారము నాడు మనుమరాలి భుజముపై చేయివేసి వచ్చుచున్నది. ఆకును ఆమె అరచేతిలో పెట్టిన, వ్రేలితో తడిమి, నలిపి, వాసన చూచి పేరు చెప్పుచున్నది. ఆమెకు తెలిసినవి నలువదిరెండేనా? అందులకే మా పిల్లలు తొందరపడుచున్నారు. నేనును వారితోపాటు తొందరపడుచున్నాను.

జూన్ మాసమున కాలువకు నీరు వచ్చును. మృగశిర కార్తెలో తొలకరి చినుకులు పడగానే మా కూటమివారము పిలకలను, కొమ్మలను, గింజలను మార్చుకొందుము. పెరడు లేని యింటివారికి పగిలిన బకెటులో నాటిన పుదీనయైనను ఒకటి చేరును. మా యత్తగారి సంగతి మఱచితిని. ఇపుడు కడుగునీటి బిందెను ఎవరైనను మఱచి పారబోసిన, "నా తులసికి నీళ్లేవి?" యని యిల్లంతయు వినబడునట్లు అడుగునది ఆమెయే.

సోదరీమణులారా! మీ వీథిలోను ఇట్టి మామ్మ యొకతె యుండును. ఆమె గంప దించినపుడు బేరమాడి పంపివేయక, కొంతసేపు కూర్చుండబెట్టి, చల్లని మజ్జిగ యిచ్చి, మీ గోడవార కలుపును చూపి, ఇదేమియని అడిగి చూడుడు.